నిమ్ము రక్తంలో వచ్చేదేనా? పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

చలికాలం మొదలయ్యేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో దగ్గు, ఆయాసాల గురించినవే ఎక్కువగా ఉంటాయి. ఈ నెల వచ్చిన వాటిలో ఐదు ఉత్తరాలు ఒకే సందేహాన్ని అయిదు రకాలుగా అడిగాయి. పిల్లలకు న్యుమోనియా, అంటే మన ఇళ్లలో ‘నిమ్ము’ అనుకునే జబ్బు, రావడంలో వంశానికి ఎంత పాలు ఉన్నదన్నదే ఆ సందేహం. అందువల్ల ఆ అయిదింటినీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా మనవలిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరుగుతున్నారు. ఆరేళ్ల పెద్దవాడికి జలుబు చేస్తే మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఏడాదిన్నర చిన్నవాడికి అదే జలుబు ఛాతీలోకి దిగి ఆసుపత్రి దాకా తీసుకుపోతుంది. సూక్ష్మజీవులే కారణమైతే ఈ తేడా ఎందుకు? ఇది వంశపారంపర్యమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు డెన్మార్క్ దేశస్థులు రెండు వేర్వేరు పద్ధతులలో సమాధానం వెతికారు. 1924, 1926 సంవత్సరాల మధ్య పుట్టి చిన్నప్పుడే దత్తత వెళ్లిన పిల్లల వివరాలను 960 కుటుంబాలలో పరిశీలించి 1988లో ప్రచురించిన అధ్యయనం మొదటిది. కన్నవారిలో ఒకరు యాభై ఏళ్లలోపు అంటువ్యాధితో మరణించి ఉంటే, దత్తత వెళ్లిన బిడ్డ కూడా అంటువ్యాధితోనే మరణించే ప్రమాదం అయిదు రెట్లకు మించి కనిపించింది. పెంచినవారు అంటువ్యాధితో మరణించిన ఇళ్లలో మాత్రం ఆ సంబంధం కనబడలేదు. దీనిని బట్టి చూస్తే రక్తానిదే పైచేయి అనిపిస్తుంది. రెండవ అధ్యయనం కవలల మీద జరిగింది. పసిపిల్లల ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీసే ఆర్‌ఎస్‌వి అనే వైరస్ వల్ల ఆసుపత్రిలో చేరవలసి రావడంలో జన్యువుల వాటా 16 శాతం, కుటుంబ వాతావరణం వాటా 73 శాతం, మిగిలిన 11 శాతం ఆ బిడ్డకు మాత్రమే ఎదురైన పరిస్థితులది అని అందులో తేలింది. ఈ రెండూ ఒకదానినొకటి కాదంటున్నట్లు కనిపించినా, మొదటిది ప్రాణం తీసిన జబ్బును లెక్కించిందనీ, రెండవది ఆసుపత్రిలో చేర్పించిన జబ్బును లెక్కించిందనీ గుర్తుంచుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మీ చిన్న మనవడి విషయంలో నేను వంశం దాకా వెళ్లను. పెద్దవాడు పసివాడిగా ఉన్నప్పుడు ఇంట్లోకి బడి జలుబులు తెచ్చే అన్న లేడు, చిన్నవాడికి ఉన్నాడు. ఏడాది నిండని బిడ్డ శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి కనుక కొద్దిపాటి వాపుకే అవి మూసుకుపోతాయి. చిన్నవాడు నెలలు నిండకుండా పుట్టాడా, ఎంత బరువుతో పుట్టాడు, తల్లిపాలు ఎన్ని నెలలు తాగాడు, ఇంట్లో బీడీ గాని సిగరెట్టు గాని కాల్చేవారు ఎవరైనా ఉన్నారా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు దొరికితే తేడా చాలావరకు అర్థమవుతుంది.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఎనిమిదో నెల నుంచి ఇప్పటికి నాలుగుసార్లు న్యుమోనియా వచ్చింది, రెండుసార్లు రక్తనాళం ద్వారా మందులు ఎక్కించారు. ఎడమ చెవి ఎప్పుడూ చీము కారుతూనే ఉంటుంది. మా తమ్ముడు కూడా మూడేళ్ల వయసులో నిమ్ముతోనే పోయాడని మా అమ్మ చెబుతుంది. అది విన్నప్పటి నుంచి ‘మీ పుట్టింటి రక్తమే’ అని మా అత్తగారు అంటున్నారు. అందులో నిజం ఉందా?
— పేరు ప్రచురించవద్దని కోరిన సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నింటికంటే విలువైన సమాచారం మీ తమ్ముడి గురించి రాసిన ఒక్క వాక్యమే. మన ఇళ్లలో చిన్నతనంలో పోయిన పిల్లల గురించి మాట్లాడడానికి పెద్దవాళ్లు ఇష్టపడరు. డాక్టరు అడిగినా ‘ఏదో జ్వరం వచ్చి పోయాడు’ అని ఊరుకుంటారు. మీరు మరచిపోకుండా రాశారు కనుక నేను ఒక నిర్దిష్టమైన అనుమానాన్ని మీ ముందు ఉంచగలుగుతున్నాను.

1952లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల వైద్యుడు ఎనిమిదేళ్ల బాలుడి గురించి రాశాడు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఆ బాలుడి రక్తంలోకి పదే పదే చేరుతూ ఉండేది. రక్తంలోని ప్రోటీన్లను వేరుచేసి చూసినప్పుడు, రోగాలతో పోరాడే యాంటీబాడీలు ఉండే గామా గ్లోబులిన్ అనే భాగం కనిపించవలసిన చోట ఏమీ లేదు. బయటి నుంచి దానిని ఇంజెక్షనుగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ జబ్బులు ఆగాయి. ఈ లోపానికి కారణమైన బీటీకే అనే జన్యువును 1993లో కనుగొన్నారు. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీకి రెండు ఎక్స్‌లు ఉంటాయి కనుక ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది, ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది. మగబిడ్డకు ఉన్నది ఒక్కటే కనుక చెడినది సంక్రమిస్తే యాంటీబాడీలు తయారు కావు. మేనమామకు, మేనల్లుడికి ఒకే జబ్బు రావడం, మధ్యలో ఉన్న తల్లికి ఏ బాధా లేకపోవడం ఇటువంటి సంక్రమణ ఆనవాలు. పుట్టిన తరువాత మొదటి ఆరు నెలలు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే బిడ్డను కాపాడతాయి. మీ బాబుకు జబ్బులు ఎనిమిదో నెలలో మొదలు కావడం కూడా ఈ అనుమానానికి సరిపోతున్నది.

అయితే ఇది ఇంకా అనుమానమే. టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో పదేళ్ల కాలంలో న్యుమోనియాతో చేరిన 2,952 మందిలో 238 మందికి అది మళ్లీ మళ్లీ వచ్చింది. వారిలో దాదాపు సగం మందికి మింగడంలో లోపం వల్ల పాలు, ఆహారం ఊపిరితిత్తులలోకి జారడమే కారణమని తేలింది. రోగనిరోధక లోపం ఉన్నవారు సుమారు ఏడుగురిలో ఒకరు మాత్రమే. మన దగ్గర ఉబ్బసాన్ని న్యుమోనియాగా పొరబడడం తరచుగా జరిగే పని. శ్వాసనాళంలో ఇరుక్కున్న పల్లీ గింజను నెలల తరబడి ఎవరూ పసిగట్టకపోవడం కూడా కొత్త కాదు. అందువల్ల పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా పేర్చి పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రతిసారీ ఊపిరితిత్తిలో ఒకే భాగం దెబ్బతిని ఉంటే అక్కడే ఏదో అడ్డు ఉన్నదని అర్థం. భాగాలు మారుతూ ఉంటే అప్పుడు శరీరమంతటికీ సంబంధించిన కారణాలను, అంటే రోగనిరోధక లోపం, ఉబ్బసం, ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారడం, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులలో కఫం చిక్కబడే జన్యు జబ్బు) వంటివాటిని వెతకాలి.

మీ బాబుకు చేయవలసిన మొదటి పరీక్ష పెద్ద జన్యు పరీక్ష కాదు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే ఇమ్యునోగ్లోబులిన్ల, అంటే యాంటీబాడీల, స్థాయిలు చూడాలి. దానితో పాటు పూర్తి రక్తకణాల లెక్క, హెచ్ఐవి పరీక్ష చేయించాలి. గొంతులో టాన్సిల్స్ కనిపిస్తున్నాయా అని డాక్టరును అడగండి. బ్రూటన్ చెప్పిన జబ్బు ఉన్న పిల్లలలో అవి ఉన్నాయా లేవా అన్నంత చిన్నవిగా ఉంటాయి. స్థాయిలు బాగా తక్కువగా ఉంటే యాంటీబాడీలను తయారుచేసే బీ కణాల లెక్క, ఆ తరువాత జన్యు పరీక్ష వరుసగా జరగాలి. జబ్బు నిర్ధారణ అయితే మూడు నాలుగు వారాలకు ఒకసారి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం జీవితాంతం కొనసాగుతుంది. ఖర్చుతో కూడిన పనే, కాని ఆ చికిత్స సక్రమంగా అందిన పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ పెద్దవాళ్లవుతున్నారు.

ఒకవేళ ఇమ్యునోగ్లోబులిన్లు మామూలుగా ఉన్నా వెతకడం ఆపవద్దని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2003లో ఐరాక్-4, 2008లో మైడీ88 అనే జన్యువుల లోపాలు బయటపడ్డాయి. ఈ లోపాలున్న పిల్లలకు వైరస్‌లు పెద్దగా హాని చేయవు, కాని న్యుమోకాకస్ వంటి బాక్టీరియా ప్రాణాంతకం అవుతుంది. చిత్రమేమిటంటే, అంత తీవ్రమైన జబ్బులోనూ జ్వరం పెద్దగా రాకపోవచ్చు, సీఆర్‌పీ అనే, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష అంకె కూడా మొదట్లో పెరగకపోవచ్చు, కనుక ఇంట్లోవాళ్లూ డాక్టరూ ఇద్దరూ మోసపోతారు. చిన్నతనాన్ని దాటించగలిగితే మాత్రం యుక్తవయసు వచ్చాక ఆ జబ్బుల బెడద చాలావరకు తగ్గిపోతుంది.

ఇక అత్తగారి మాట. ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే కొడుకుకు వస్తుందన్నది శరీరశాస్త్రం, అందులో తప్పు మోపడానికి ఎవరూ లేరు. అటువంటి లోపం కుటుంబంలో మునుపు లేకుండా బిడ్డలోనే కొత్తగా ఏర్పడడమూ ఉంది. వైద్యులు మీ పుట్టింటి చరిత్రను అడుగుతున్నది నింద కోసం కాదని, మీ బాబు ప్రాణానికి అది ఆధారమని ఆవిడకు ఈ పేజీ చూపించి చెప్పండి. మీకు అక్కచెల్లెళ్లు ఉంటే, వారికి మగపిల్లలు పుట్టకముందే ఈ పరీక్షల ఫలితం వారికి తెలియాలి.

ప్రశ్న: నేను మా సొంత మేనమామను చేసుకున్నాను. మొదటి బాబు అయిదో నెలలో న్యుమోనియాతో చనిపోయాడు. నోట్లో తెల్లటి పూత మందులకు తగ్గేది కాదు, విరేచనాలు ఆగేవి కావు, బీసీజీ వేసిన వైపు చంకలో గడ్డ కట్టింది. ఇప్పుడు నాకు మూడో నెల. మేనరికం వల్లే అలా జరిగిందని అందరూ అంటున్నారు. ఈ బిడ్డకూ అలా అవుతుందా?
— పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ దుఃఖానికి ముందుగా నా సానుభూతి. ఈ ఉత్తరానికి నేను విడిగా కూడా జవాబు పంపాను, ఎందుకంటే పత్రిక వెలువడేదాకా ఆగే వ్యవధి మీకు లేదు.

మీరు రాసిన లక్షణాలు తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం అనే జబ్బును గుర్తుకు తెస్తున్నాయి. ఇందులో రోగనిరోధక వ్యవస్థను నడిపించే టీ కణాలు (లింఫోసైట్లు అనే తెల్లకణాలలో ఒక రకం) ఉండవు, వాటితోపాటు రోగనిరోధక వ్యవస్థ అంతా కుప్పకూలుతుంది. బీసీజీలో ఉండేది బలహీనపరచిన సజీవ బాక్టీరియా కనుక, మామూలు బిడ్డకు రక్షణ ఇచ్చే ఆ టీకాయే ఇటువంటి బిడ్డకు జబ్బు అవుతుంది. ఇంట్లో బాబు పాత రక్తపరీక్ష కాగితాలు ఉంటే తీసి చూడండి. మొత్తం తెల్లకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో గుణించాలి. తెల్లకణాలు 6,000, లింఫోసైట్లు 15 శాతం అని ఉంటే వాటి సంఖ్య 900 అవుతుంది. ఆ వయసు బిడ్డకు 3,000 కంటే తక్కువ ఉండడమే అనుమానించవలసిన విషయం. చాలాసార్లు ఈ ఆధారం రిపోర్టులోనే ఉన్నా ఎవరి కంటా పడకుండా పోతుంది.

మేనరికం సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఈ జబ్బులో రెండు రకాల సంక్రమణలున్నాయి. ఒక రకంలో తల్లి, తండ్రి ఇద్దరి వద్దా ఒకే జన్యువుకు చెడిన నకలు ఒకటి ఉండి, రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు వస్తుంది. మేనమామ, మేనకోడలు ఒకే పూర్వీకుల వారసులు కనుక వారి బిడ్డలో సగటున ఎనిమిదో వంతు జన్యువులు రెండువైపుల నుంచీ అచ్చంగా ఒకే ప్రతి అయి ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో ఇది పదహారో వంతు. మీ విషయంలో ఈ రకమే అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది, నాలుగింట మూడు వంతులు అవకాశం మీ పక్షాన ఉంటుంది. రెండవ రకం ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చేది. మీరు దానికి వాహకులైతే, అంటే చెడిన జన్యువును మోస్తూ ఆరోగ్యంగా ఉన్నవారైతే, ప్రమాదం మగబిడ్డకే, అదీ సగానికి సగం, మేనరికానికి దానితో సంబంధమే లేదు. మొదటి బిడ్డ బాబు కనుక రెంటిలో ఏదైనా కావచ్చు. పరీక్ష చేయకుండా మేనరికం మీదికి నెట్టివేయడం తొందరపాటు.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ‘మాది బయటి సంబంధం, మాకు ఆ భయం లేదు’ అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. మన దేశంలో అనేక తరాలుగా పెళ్లిళ్లు ఒకే చిన్న సమూహంలో జరుగుతూ వచ్చాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాలలో, కొద్దిమంది పూర్వీకుల జన్యువులే అందరిలోనూ పేరుకునే ఈ ప్రభావం, దానికి పేరుపడిన ఫిన్లాండ్ ప్రజలలో కంటే, అష్కెనాజీ (ఐరోపా మూలాల) యూదులలో కంటే బలంగా కనిపించింది. బంధుత్వం లేకపోయినా ఒకే కులంలోని ఇద్దరి వద్ద ఒకే లోపం ఉండడం అందువల్ల అరుదు కాదు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఈ వారంలోనే జన్యు వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లడం. హైదరాబాదులో నిమ్స్‌లో ఆ విభాగం ఉన్నది, అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద నిమ్స్, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్ర సంస్థ) కలిసి ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. చెడిన జన్యువు ఏదో తెలిస్తేనే గర్భంలో పరీక్ష సాధ్యమవుతుంది. మాయ నుంచి నమూనా తీసే పరీక్షకు పదమూడో వారంలోపే సమయం, అది దాటితే పదహారో వారం తరువాత ఉమ్మనీటి పరీక్ష. ఏ కారణం చేతనైనా అవి కుదరకపోతే కంగారు పడకండి, కాన్పు అయిన వెంటనే బిడ్డ రక్తంలో లింఫోసైట్ల రకాలను లెక్కించవచ్చు. ఫలితం వచ్చేదాకా బీసీజీ, పోలియో చుక్కలు, ఆ తరువాత రోటా చుక్కలు వేయవద్దని కాన్పు జరిగే ఆసుపత్రిలో ముందే రాతపూర్వకంగా చెప్పండి, ఎందుకంటే బీసీజీ సాధారణంగా ఇంటికి పంపేలోపే వేసేస్తారు. ఒకవేళ ఈ బిడ్డకూ జబ్బు ఉన్నదని తేలినా, అది మొదటి బాబు విషయంలో వలె చేయి దాటిపోయిన స్థితి కాదు. 1968లో మొదటిసారి విజయవంతమైన ఎముక మజ్జ మార్పిడి ఈ జబ్బుకు ఉన్నది. అమెరికా కేంద్రాల అనుభవంలో మూడున్నర నెలల వయసులోపు మార్పిడి జరిగిన పసివాళ్లలో నూటికి 94 మంది అయిదేళ్ల తరువాత కూడా జీవించి ఉన్నారు.

ప్రశ్న: మా ఆశ్రమ పాఠశాల పక్కనే ఉండే ఒక కుటుంబంలో మూడేళ్ల పాపకు సికిల్ సెల్ జబ్బు ఉన్నదని కార్డు ఇచ్చారు. ఆ పాపకు రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. రక్తహీనత జబ్బుకు, ఊపిరితిత్తులకు సంబంధం ఏమిటి?
— ఉపాధ్యాయిని, పాడేరు

జవాబు: సంబంధం ప్లీహం ద్వారా ఉన్నది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు ప్లీహంలోని సన్నటి రక్తనాళాలను మూసివేయడం వల్ల ఆ అవయవం పసితనంలోనే పని మానేస్తుంది. న్యుమోకాకస్ వంటి, చుట్టూ గట్టి పొర ఉండే బాక్టీరియాను రక్తం నుంచి వడకట్టేది ప్లీహమే. అందుకని ఈ పిల్లలలో న్యుమోనియా గంటల వ్యవధిలో రక్తమంతా పాకే ప్రమాదం ఉంటుంది. 1986లో ప్రచురించిన ఒక అమెరికా పరీక్షలో, మూడేళ్లలోపు సికిల్ సెల్ పిల్లలకు రోజుకు రెండుసార్లు నోటి ద్వారా పెన్సిలిన్ ఇస్తే ఇటువంటి జబ్బులు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో ఆ పరీక్షను అనుకున్నదానికంటే ఎనిమిది నెలలు ముందే ముగించారు. ఇంత చవకైన మందు మన ఏజెన్సీ గ్రామాలలో ప్రతి సికిల్ సెల్ బిడ్డకూ అయిదేళ్లు నిండేదాకా అందితే చాలా ప్రాణాలు నిలబడతాయి.

ఆ పాపకు న్యుమోకాకస్ టీకా మూడు డోసులూ పడ్డాయా అని కార్డులో చూడండి. మన జాతీయ పట్టికలో అవి ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలల్లో వేస్తారు. ఇటువంటి పిల్లలకు రెండేళ్లు నిండాక వేరొక రకం న్యుమోకాకస్ టీకా కూడా అవసరం. జ్వరం 101 డిగ్రీలు దాటితే గాని, ఛాతీలో నొప్పితో ఆయాసం వస్తే గాని ఇంటి వైద్యంతో ఒక్క రాత్రి కూడా గడపవద్దని ఆ తల్లికి చెప్పండి, ఎందుకంటే సికిల్ కణాలే ఊపిరితిత్తులలో అడ్డుపడి న్యుమోనియాలా కనిపించే స్థితి ఒకటి ఉన్నది, రెంటికీ ఆసుపత్రే శరణ్యం. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఇచ్చే కార్డులలో ‘వాహకులు’ అని ఉన్నవారికి ఈ ప్రమాదం లేదు. ఆ తేడా తెలియక వాహకులైన పిల్లలను కూడా రోగిష్టివాళ్లుగా చూడడం జరుగుతుంటుంది, ఉపాధ్యాయిని కనుక మీరు దానిని సరిదిద్దగలరు.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాము. ఇంటికి తెప్పించుకున్న ఒక లాలాజల జన్యు పరీక్షలో మా పద్నాలుగు నెలల పాపకు ‘ఎంబీఎల్ తక్కువ, న్యుమోనియా ప్రమాదం ఎక్కువ’ అని వచ్చింది. పాపకు ఇంతవరకు జలుబు తప్ప ఏమీ రాలేదు. ఇండియాకు తీసుకువెళ్లడం మానుకోవాలా?
— ఒక తండ్రి, డాలస్

జవాబు: మానుకోనవసరం లేదు. మానోజ్ బైండింగ్ లెక్టిన్ అనే ఈ ప్రోటీను బాక్టీరియా పైపొరలోని చక్కెరలకు అంటుకుని, వాటిని తెల్లకణాలకు పట్టిస్తుంది. బ్రిటన్‌లో 2002లో చేసిన పోలికలో, తీవ్రమైన న్యుమోకాకస్ జబ్బు వచ్చిన అన్ని వయసుల రోగులలో 12 శాతం మందికి, మామూలు వ్యక్తులలో 5 శాతం మందికి ఈ జన్యువు రెండు ప్రతులూ లోపభూయిష్టంగా ఉన్నాయి. తేడా ఉన్నమాట నిజమే, కాని ఆ లోపంతోనే జీవితమంతా ఏ జబ్బూ లేకుండా గడిపేవారు ప్రతి ఇరవై మందిలో ఒకరు ఉన్నారని కూడా అదే అంకె చెబుతున్నది. కెన్యాలోని కిలిఫీ పిల్లలలో న్యుమోకాకస్ రక్తానికి పాకే ప్రమాదాన్ని రెట్టింపు చేసే ఒక జన్యుభేదాన్ని 2016లో కనుగొన్నారు. అది ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే భేదం కనుక దానిని తెలుగు బిడ్డకు వర్తింపజేయలేము. ఇటువంటి చిన్న చిన్న ప్రభావాలను కూడి ఒక బిడ్డకు జోస్యం చెప్పడం పరిశోధకులే చేయని పని, ప్యాకెట్లు అమ్మేవారు చేస్తున్నారు.

ఒక్క జన్యువే నిర్ణయించే సందర్భాలు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో రెండున్నరేళ్ల పాపకు మామూలు ఫ్లూ ప్రాణాంతకంగా పరిణమించడానికి ఐఆర్ఎఫ్7 జన్యువు రెండు ప్రతులూ చెడడమే కారణమని 2015లో తేలింది. అయితే అటువంటి పరిశోధన జబ్బు వచ్చిన బిడ్డ దగ్గర మొదలై జన్యువు దాకా వెళ్లింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ లాలాజలం దగ్గర మొదలు కాలేదు. పైగా మీ పాపకు పుట్టినప్పుడే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో, ఇందాక మహబూబ్‌నగర్ సోదరికి రాసిన జబ్బుకూ, సిస్టిక్ ఫైబ్రోసిస్‌కూ పరీక్ష జరిగిపోయి ఉంటుంది. 2018 చివరికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ ఆ మొదటి పరీక్షను ప్రారంభించాయి. మన దేశంలో పుట్టే ప్రతి బిడ్డకూ ఆ సదుపాయం ఇంకా లేదు.

ప్రయాణానికి ముందు చూసుకోవలసింది మరొకటి ఉంది. అక్కడి పట్టిక ప్రకారం న్యుమోకాకస్ టీకా నాలుగో డోసు పన్నెండు, పదిహేను నెలల మధ్య పడాలి. పాపకు పద్నాలుగు నెలలు అంటున్నారు కనుక, టికెట్టు తీసుకునేలోపు ఆ డోసు పడిందో లేదో మీ డాక్టరు కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోండి.